రాజకీయ పార్టీలు – మన బాధ్యత

1950లో మన రాజ్యాంగం అమలులోకి వచ్చినపుడు అందులో రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు. 1985లో 52వ సవరణ ద్వారా పదవ షెడ్యూలు చేర్చి, ఫిరాయింపులకు అడ్డుకట్ట వేసినపుడు వాటికి చోటు దక్కింది. అయినా పార్టీలు లేనిదే ప్రజాస్వామ్యం నడవదు. ప్రజల కోర్కెలను కూడగట్టి విధానాలుగా మలచేవి, అభ్యర్థులను నిలబెట్టేవి, గెలిస్తే పాలించేవి, ఓడితే నిలదీసేవి పార్టీలే.

1932 పూనా ఒప్పందంతో అణగారిన వర్గాలకు రిజర్వుడు సీట్లు వచ్చాయి. కానీ సీటు ఒక్కటే చాలదు. అందులో కూర్చున్నవారు ఎవరి మాట వింటారన్నది ముఖ్యం. అందుకే కాబోలు, డాక్టర్ అంబేద్కర్ 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీని, 1942లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌ను స్థాపించారు. నేటికీ రిజర్వుడు స్థానంలో ఎవరు నిలబడాలో చాలావరకు తేల్చేది పార్టీ టికెట్టే.

మన మెస్ ఛార్జీలు, కాస్మెటిక్ ఛార్జీలు, స్కాలర్‌షిప్పులు పెరగాలంటే బడ్జెట్‌లో నిధులుండాలి. ఆ బడ్జెట్‌ను శాసనసభ ఆమోదించాలి. అక్కడ మన తరఫున ఎవరు లేచి మాట్లాడారో గమనిద్దాం. 61వ సవరణ పుణ్యమా అని 18 ఏళ్లకే ఓటు వస్తుంది. నోటు చూసి, కులం చూసి కాక, మేనిఫెస్టో చదివి, గతంలో ఇచ్చిన మాట ఏమైందని అడిగి ఓటేద్దాం.