గుండెపోటు తరువాత కొత్త రక్తనాళాలు: మూలకణాల మీద ఆశ ఎంతవరకు?

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే గుండెపోటు వస్తుంది. సుమారు అరగంటకే రక్తం అందని కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చకు ముడుచుకునే శక్తి ఉండదు.

శరీరం తనంతట తానే సన్నని పక్కదారి నాళాలను పెంచుకుంటుంది. చాలామందిలో అవి సరిపోవు. ఎముక మజ్జలోని మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఈ పనికి తోడ్పడతాయని శాస్త్రజ్ఞులు ఆశించారు. 2001లో జర్మనీలోని డుసెల్డార్ఫ్‌లో డాక్టర్ స్ట్రావర్ బృందం ఒక రోగి సొంత మజ్జ కణాలనే అతని గుండె నాళంలోకి ఎక్కించింది.

తరువాత ఏం తేలింది? 2006లో 204 మందిపై జరిగిన పరీక్షలో గుండె బలం కొద్దిగా పెరిగింది. అదే ఏడాది వెలువడిన నార్వే పరీక్షలో పెరగలేదు. 2020లో 375 మంది ఫలితాలు వచ్చినా, ప్రాణాలు నిలుస్తాయని రుజువు కాలేదు. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం గుండెలో నిలవవు. అవి విడుదల చేసే పదార్థాలు మాత్రం చుట్టూ ఉన్న నాళాలను పెరిగేలా ప్రేరేపిస్తాయని భావిస్తున్నారు.

కనుక దాతలు ఒకటి గుర్తుంచుకోవాలి. మన దేశ 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెజబ్బుకు ఈ వైద్యం ఇంకా ప్రయోగమే. అందులో చేరిన రోగి దగ్గర డబ్బు వసూలు చేయరాదు. లక్షలు అడిగే అర్జీ వస్తే ముందు ఆ సంగతి విచారించండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్, యాంజియోప్లాస్టీ, ఆ తరువాత నెలనెలా వాడవలసిన మందులు: వీటి మేలు రుజువైంది. పేదవాడి కోసం మీరిచ్చే సొమ్ము ముందుగా వీటికే చేరాలి. ఛాతీలో నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలని ఇంటింటా చెప్పండి.