కుళాయినీరు – గాజుతొట్టెలోని చేపలు

ఒక బాలుడు గాజుతొట్టెలో రెండు బంగారుచేపలను పెంచుచుండెను. ఒకనాడు అతడు తొట్టెను శుభ్రముగా కడిగి, పాతనీటిని పూర్తిగా పారబోసి, కుళాయినుండి అప్పుడే పట్టిన నీటితో నింపెను. సాయంకాలమునకు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచు రొప్పసాగెను. తెల్లవారునప్పటికి రెండును చనిపోయి తేలియుండెను.

“నేను పోసినది మంచినీరే కదా! ఆ నీటినే మనమందరము త్రాగుచున్నాము కదా!” అని బాలుడు దుఃఖించెను. అతని ప్రశ్న సమంజసమైనదే.

నదులనుండియు చెరువులనుండియు వచ్చు నీటిని పట్టణములలో ఇసుకపొరలగుండ వడగట్టుదురు. అయినను కలరా, సన్నిపాతజ్వరము కలిగించు సూక్ష్మజీవులు కొన్ని మిగిలియుండవచ్చును. వానిని చంపుటకై నీటిలో క్లోరిన్ కలుపుదురు. అమెరికాలోని జెర్సీ నగరమునకు సరఫరా అగు నీటిలో 1908వ సంవత్సరమున జాన్ లీల్ అను వైద్యుడు క్లోరిన్ సమ్మేళనమును నిత్యము కలుపు ఏర్పాటు చేసెను. ఈ పద్ధతిపై న్యాయస్థానమున విచారణ జరిగి, ఇది సమర్థమైనదని తేలెను. పిదప ఇతర నగరములును దీనిని అవలంబించినవి. మన గ్రామములలో బావులయందు బ్లీచింగు పొడి చల్లుటయు ఇందులకే.

గొట్టములలో దారిపొడుగునను నీరు చెడకుండుటకై కొంత క్లోరిన్ మిగులునట్లు చూతురు. మన దేశపు ప్రమాణము ప్రకారము ఇది లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాములు ఉండవలెను. ఇంత స్వల్పభాగము మనకు హాని చేయదు. మనము త్రాగిన నీరు కడుపులోనికి పోవును. అచ్చట క్లోరిన్ ఆహారముతోను రసములతోను కలిసి నశించును. కాని చేప నీటిలోనే ఊపిరి తీయును. దాని మొప్పలపొర మిక్కిలి పలుచన. క్లోరిన్ ఆ పొరను కాల్చివేయగా చేపకు ఊపిరాడదు. అంతేకాక, చేపల మలినములను హరించు మేలైన సూక్ష్మజీవులు కూడ తొట్టెలో నశించును.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. వెడల్పుమూతిగల పాత్రలో నీటిని పట్టి, మూత వేయక ఒక దినము ఉంచినచో క్లోరిన్ చాలవరకు గాలిలో కలిసిపోవును. త్వర కలిగినచో సోడియం థయోసల్ఫేటును తగు మాత్రము వేసి దానిని విరుచుదురు. తొట్టెలోని నీటినంతయు ఒకేసారి మార్పక, నాలుగవవంతు మాత్రమే మార్చుట మేలు.

కాని ఒక హెచ్చరిక. కొన్ని నగరములలో క్లోరినుతో అమ్మోనియాను చేర్చి, క్లోరమీను అను పదార్థమును వాడుదురు. అది ఒకటి రెండు దినములు నిలువ ఉంచినను పోదు. అది మొప్పలగుండ రక్తమున ప్రవేశించి, ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. థయోసల్ఫేటు దానిని విరిచినను అమ్మోనియా మిగులును. అదియు చేపలకు విషమే. కావున అట్టిచోట రెంటిని హరించు మందును వాడవలెను. మన ఊరి నీటిలో ఏమి కలుపుదురో ముందుగా విచారించి తెలిసికొనుట యుక్తము.

బాలుని చేపలు చనిపోవుటకు కారణము నీటి దోషము కాదు. ఆ క్లోరినే అతనిని, అతని ఇంటివారిని రోగములనుండి కాపాడుచున్నది. ప్రేమతో చేసిన పనికైనను తెలివి తోడు కావలెను. ఆ బాలుడు ఇప్పుడు మరల చేపలను పెంచుచున్నాడు. అతని ఇంటి వసారాలో ఒక బకెట్టు నీరు, మూత లేకుండ, ముందునాటినుండియే సిద్ధముగా నుండును.