సభ్యుల గుర్తింపు కార్డులు: సంఘంలోనే తయారు చేసుకొనే విధానం

ఈ నెల పాఠంలో సభ్యుని గుర్తింపు కార్డును, మహాసభ బ్యాడ్జీని సంఘం గదిలోనో, కార్యదర్శి ఇంట్లోనో స్వయంగా ఎలా తయారు చేసుకోవచ్చునో వివరిస్తాము. ఇది చిన్న పనే. కానీ ఈ పని మొదలుపెట్టిన సంఘానికి ముందుగా ఒక పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. అది మాకు ఎలా ఎదురైందో చెప్పి పాఠంలోకి వెళతాము.

ఒకసారి మేము మా పరిధిలోని సంఘాల నుండి కొందరు సభ్యులను వెంటబెట్టుకొని బషీర్‌బాగ్‌లో జరిగిన ఒక సమావేశానికి వెళ్లాము. గేటు దగ్గర అందరినీ గుర్తింపు చూపమన్నారు. కొందరు ఆధార్ కార్డు తీశారు, కొందరు ఓటరు కార్డు తీశారు. ఒక సోదరి మాత్రం కొంగున కట్టి తెచ్చుకున్న పాల పాసు పుస్తకాన్ని భద్రంగా విప్పి చూపించింది. రోజుకు రెండు పూటలా పాలు పోసే మనిషి ఆమె. పాల సంఘం సమావేశానికి పాల పుస్తకం కంటె మంచి గుర్తింపు ఏముంటుందని ఆమె ఉద్దేశం.

గేటు మనిషి పుస్తకం చూసి, "అమ్మా, ఇందులో మగమనిషి పేరుంది. ఈయన ఎవరు?" అన్నాడు.

"మా ఆయన సారూ. పోయి నాలుగేండ్లాయె."

"మరి మీరెవరు?"

ఆమె మావైపు చూసింది. మేము హామీ ఇచ్చి లోపలికి తీసుకువెళ్లాము. గేటు మనిషి తప్పేమీ లేదు. అతడు అడిగిన ప్రశ్న మేము అడగవలసినది. ఆ నాలుగేళ్లలో ఆ సంఘం రిజిస్టరును మేము మూడు పర్యాయములు తనిఖీ చేశాము. వాటా ధనం మొత్తం సరిపోయిందా, సంతకాలు ఉన్నాయా అని చూశాము. 47వ నంబరు మీద పాలు పోస్తున్నది ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

పశువులకు ఉన్న ఏర్పాటును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఈనాడు మన పాడి పశువు చెవికి 12 అంకెల పసుపు ట్యాగు ఉంటున్నది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో టీకాతో పాటు ఆ ట్యాగు వేయడం కూడా జరుగుతున్నది. ఆ నంబరు చెబితే ఏ గేదె, ఏ టీకా అన్నది తెలుస్తుంది. గేదెకు గుర్తింపు ఉండి, దాని పాలు పితికే మనిషికి సంఘంలో గుర్తింపు లేకపోతే లోపం ఎక్కడున్నదో మనమే ఆలోచించుకోవాలి.

1. ముందు రిజిస్టరు, తర్వాత కార్డు

కార్డు ఎవరినీ సభ్యులను చేయదు. రిజిస్టరులో ఉన్నదానికి అది నకలు మాత్రమే. రిజిస్టరు తప్పయితే కార్డు ఆ తప్పును అందంగా అచ్చువేసి చూపుతుంది. కనుక కార్డుల పనికి పూనుకొనే ముందు కార్యదర్శి ఒక వారం పాటు రెండు పూటలా పాల కేంద్రం వద్ద కూర్చొని, ప్రతి నంబరు ఎదుట పాలు తెచ్చిన మనిషి పేరు రాసుకోవలెను. తర్వాత ఆ జాబితాను సభ్యుల రిజిస్టరుతో పోల్చవలెను. మూడు రకాల తేడాలు బయటపడతాయి: చనిపోయిన సభ్యుని నంబరు మీద కుటుంబం పాలు పోయడం, భర్త పేర సభ్యత్వం ఉండి పాడి పని అంతా భార్య చేయడం, సభ్యత్వం లేనివారు ఇతరుల నంబరు మీద పోయడం.

ఇట్టివాటిని ఉపనిబంధనల ప్రకారం పాలకవర్గం ముందు పెట్టి తీర్మానం ద్వారా సరిదిద్దవలెను. చనిపోయిన సభ్యుని వాటాను నామినీకి గాని వారసులకు గాని బదిలీ చేయవలెను. నామినీ గడి ఖాళీగా ఉన్నవారిచేత ఇప్పుడే నింపించవలెను. ఖాళీ అయిన సభ్యత్వ నంబరును ఎన్నటికీ మరొకరికి ఇవ్వరాదు. ఇస్తే పాత లెక్కలు, కొత్త లెక్కలు కలిసిపోతాయి.

2. కార్డు మీద ఏమి ఉండవలెను?

ముందు వైపు సంఘం పేరు, గ్రామం, మండలం. సభ్యుని ఫోటో, పేరు, సభ్యత్వ నంబరు ఉండవలెను. వెనుక వైపు కార్డు వరుస సంఖ్య, ఇచ్చిన తేదీ, గడువు తేదీ, కార్యదర్శి సంతకం, సంఘం ముద్ర ఉంటే చాలును. పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. కింద బ్యాంకు పుస్తకంలో ఉన్న విధంగా ఇంగ్లీషులో కూడా వేస్తే చెల్లింపుల సమయంలో చిక్కు రాదు.

ఆధార్ నంబరు వేయరాదు. మెడలో వేలాడే కార్డు నలుగురి కంటా పడుతుంది. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించడం 2016 చట్టం ప్రకారం కూడదు. బ్యాంకు ఖాతా నంబరు కూడా అక్కరలేదు. క్యూఆర్ గుర్తు పెట్టదలిస్తే అందులో సభ్యత్వ నంబరు ఒక్కటే ఉంచవలెను. మూడు సింహాల చిహ్నం అందంగా ఉంటుందని కొందరు వేయిస్తున్నారు. అది ప్రభుత్వ చిహ్నం. దాని దుర్వినియోగాన్ని 2005 చట్టం నిషేధించింది.

3. ఫోటో తీయుట

స్టూడియోకు పోనక్కరలేదు. ఉదయం ఎండ ఎక్కిన తర్వాత వసారా నీడలో తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు సభ్యుని నిలబెట్టి సెల్‌ఫోనుతో తీయవచ్చును. ఫోను ముఖం ఎత్తులో, రెండు బారల దూరంలో ఉండాలి. మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై ముఖం రూపు మారుతుంది. ఫ్లాష్ వేయరాదు. దుప్పటి మీద నీడ పడకుండా మనిషిని ఒక అడుగు ముందుకు నిలపవలెను. ఫోటో తీయగానే దానికి సభ్యత్వ నంబరునే పేరుగా పెట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త లేకనే ఒకరి ముఖం మరొకరి కార్డు మీదికి చేరుతున్నది.

4. కొలతలు, ముద్రణ

బ్యాంకు ఏటీఎం కార్డు కొలత సుమారు 86 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పు. బజారులో దొరికే ప్లాస్టిక్ తొడుగులు ఈ కొలతకే ఉంటాయి. మనం కాగితాన్ని 80కి 48గా ముద్రించుకోవాలి. అప్పుడు లామినేషను తర్వాత నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల అంచు మిగిలి, పూర్తి కార్డు సరిగ్గా 86కి 54 అవుతుంది.

రెండు వైపులా ముద్రిస్తే ముందు, వెనుక ఒకదానికొకటి సరిపడవు. అందుచేత రెండింటినీ పక్కపక్కనే ఒకే వైపు ముద్రించి, పుస్తకం అట్టవలె మధ్యకు మడవవలెను. ఈ లెక్కన ఒక ఎ4 కాగితం మీద 5 కార్డులు వస్తాయి. 120 మంది సభ్యులున్న సంఘానికి 24 కాగితాలు సరిపోతాయి. పాడైనవాటికి మరో నాలుగు కలుపుకోవచ్చును. లేజరు ప్రింటరు గాని జిరాక్సు యంత్రం గాని వాడడం మంచిది. నీటి రంగు సిరాతో వేసే ప్రింటరు అచ్చు తడి తగిలితే కారిపోతుంది. పాల కేంద్రంలో తడి తగలని వస్తువు ఉండదు కదా.

5. లామినేషను

సంతకం, ముద్ర వేసి, పూర్తిగా ఆరిన తర్వాతనే పౌచిలో పెట్టవలెను. తేమ ఉంటే లోపల బుడగలు, పొగమంచు వంటి మరకలు ఏర్పడతాయి. 65కి 95 కొలతగల, 125 మైక్రాన్ల పౌచి ఇందుకు అనువైనది. మూసి ఉన్న వైపును యంత్రంలోకి ముందుగా పంపవలెను. చల్లారిన తర్వాత 3 మిల్లీమీటర్ల అంచు వదలి కత్తిరించి, మూలలు గుండ్రంగా చేయాలి. కాగితం దాకా కత్తిరిస్తే ఆ సందులో నుండి నీరు చేరుతుంది. తాడు కోసం కార్డుకు రంధ్రం చేయరాదు. రంధ్రం ఉన్న తొడుగులో పెట్టి నాడా కట్టుకోవాలి.

లామినేషనుకు ముందు ప్రతి సభ్యుని పిలిచి, కార్డు చేతికిచ్చి, పేరు పైకి చదివి వినిపించవలెను. సీలు పడిన తర్వాత దిద్దుబాటు లేదు. ఇంకొక హెచ్చరిక: పాల కేంద్రం యంత్రం ఇచ్చే రశీదును భద్రపరుద్దామని లామినేషను చేయించరాదు. అది వేడికి నల్లబడే కాగితం. క్షణంలో మొత్తం నల్లబడి ఆధారమే పోతుంది. దాన్ని జిరాక్సు తీయించి, ఆ జిరాక్సునే దాచుకోవాలి.

6. బజారు పని

ఆ సమావేశం ముగిసిన సాయంకాలం మేము బషీర్‌బాగ్ నుండి నిజాం కళాశాల దాటి, గన్‌ఫౌండ్రీ మీదుగా అబిడ్స్‌కు నడిచాము. పౌచీలు, తొడుగులు, నాడాలు, రబ్బరు స్టాంపులు అక్కడి దుకాణాలలో దొరుకుతాయి. ఒక దుకాణంలో కార్డుల తయారీ చూద్దామని కూర్చుంటే, అంతకుముందు వచ్చినవారి ఫోటోలు, ఫోను నంబర్లు కంప్యూటరు తెర మీద అలాగే తెరిచి ఉన్నాయి. కార్డులు మనమే చేసుకోవాలని మేము చెప్పడానికి ఖర్చు కంటె ఇది పెద్ద కారణం. సామాను కొనండి, సభ్యుల జాబితాను మాత్రం బయట వదలకండి. ముద్రణ బయట చేయించక తప్పదంటే పక్కనే నిలబడి, పని కాగానే ఫైలు తీసివేయించి రావలెను. కొనుగోలుకు ముందు మూడు చోట్ల ధరలు రాయించుకొని, పాలకవర్గం ఆమోదం పొందవలెనని వేరే చెప్పనక్కరలేదు.

7. మహాసభ బ్యాడ్జీలు

ఒక రోజు వాడే బ్యాడ్జీకి యంత్రం అక్కరలేదు. గట్టి అట్ట మీద స్టీలు గ్లాసు బోర్లించి గీత గీసి, గుండ్రంగా కత్తిరించి, పేరు, నంబరు రాసి, వెనుక గుడ్డ టేపుతో పిన్నీసు అంటించాలి. సభ్యులకు ఒక రంగు, ఆహ్వానితులకు ఒక రంగు, కార్యకర్తలకు మరొక రంగు ఉండాలి. చేతులెత్తి ఓటు వేసే సమయంలో ఎవరి చేయి లెక్కకు వస్తుందో ఆ రంగే చెబుతుంది. ఒక సభ్యునికి ఒక ఓటు అన్న సూత్రం కంటికి కనబడేది అక్కడే.

8. జారీ రిజిస్టరు

కార్డు వరుస సంఖ్య, సభ్యత్వ నంబరు, తేదీ, అందుకున్నవారి సంతకం లేదా వేలిముద్రతో ఒక పుస్తకం ఉంచవలెను. పాడైన కార్డులను పారవేయక, అడ్డగీత కొట్టి ఫైలులో పెట్టవలెను. పోగొట్టుకున్నవారికి రాతపూర్వక దరఖాస్తు మీద "నకలు" అని గుర్తు వేసి ఇవ్వాలి. సభ్యత్వం వదలినవారి నుండి కార్డు తిరిగి తీసుకోవాలి.

ముగింపు

ములుకనూరులో ఏర్పడిన మహిళా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియను మనందరికీ తెలిసినదే. అక్కడ సభ్యత్వం స్త్రీలదే. పాడి పని చేసే చేతి పేరే పుస్తకంలోకి ఎక్కవచ్చునని వారు చూపించారు. మిగతా సంఘాలలో ఆ మాట ఇంకా పూర్తి కావలసి ఉంది.

బషీర్‌బాగ్ గేటు వద్ద ఆగిపోయిన ఆ సోదరి సంగతి కూడా చెప్పాలి. తిరిగి వచ్చిన నెలలోనే వారసుల సమ్మతి తీసుకొని వాటా ఆమె పేర బదిలీ అయినది. పాలకవర్గం తీర్మానం చేసినది. రిజిస్టరులో చివరి నంబరు ఆమెది. కార్డు అందుకున్న రోజు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగ నా పేరు మీద పోస్తనన్నట్టు" అన్నది. కానీ ఆ నాలుగేళ్లలో జరిగిన మహాసభలలో ఆమెకు ఓటు లేదు. ఆ ఓట్లను ఏ తీర్మానంతోనూ మేము తిరిగి ఇవ్వలేము. మీ సంఘంలో అటువంటివారు ఎందరున్నారో కార్డుల పని మొదలుపెడితే తెలుస్తుంది.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన రిజిస్టరులో చనిపోయినవారి పేర్లు ఎన్ని ఉన్నాయి? వారి నంబర్ల మీద ఇప్పుడు పాలు పోస్తున్నది ఎవరు?
2. నామినీ గడి ఎందరికి ఖాళీగా ఉంది?
3. పాలు తెచ్చే స్త్రీలలో ఎందరికి సొంత సభ్యత్వం ఉంది?
4. సభ్యుల ఫోటోలు, ఫోను నంబర్లు ఎవరి వద్ద, ఎక్కడ ఉన్నాయి?