పశువుల పండ్లు - దంత పరిశోధన

ఎద్దును కొనబోవు రైతు మొదట దాని నోరు చూచును. పాలపండ్లా, రెండు పండ్లా, నాలుగు పండ్లా అని లెక్కించి వయస్సు నిర్ణయించును. పశువునకు పైదవడ ముందుభాగమున పండ్లుండవు. క్రింది దవడయందు ఎనిమిది ఉండును. ఈ ముందరి పండ్లే నేడు దంత పరిశోధకులకు మిక్కిలి తోడ్పడుచున్నవి.

పుప్పిపంటిని పూడ్చు పదార్థము, దానిని అంటించు బంక, నిత్యము వాడు పేస్టు - ఇవి మన నోటికి వచ్చుటకు ముందు ప్రయోగశాలలో పరీక్షింపబడవలెను. ఇందుకు మనుష్యుల పండ్లే శ్రేష్ఠము. కాని పుచ్చులేని పండ్లు తగినన్ని దొరకవు. ఊడదీసిన పంటిని వాడుటకు ఆ మనిషి సమ్మతియు కావలెను. పశువధశాలలనుండి ఇంచుమించు ఒకే వయస్సు పశువుల పండ్లు కావలసినన్ని లభించును. అవి వెడల్పుగా, చదునుగా ఉండుటచే ఒక్క పంటినుండియే పలు ముక్కలు కోయవచ్చును.

ముక్కను నునుపుచేసి, ఆమ్లమునందును, ఉమ్మిని పోలిన ద్రవమునందును మార్చి మార్చి ముంచుదురు. తీపి పులిసి పంటిని తినివేయుటకు, ఉమ్మి దానిని కొంత బాగుచేయుటకు ఇది అనుకరణము. పిదప ఫ్లోరైడు పేస్టు పింగాణి పొరను ఎంత కాపాడినదో కొలుతురు.

అయితే రెండు పింగాణులును ఒకే ఖనిజముతో ఏర్పడినను, పశువు పంటియందు స్ఫటికములు పెద్దవి, సందులు ఎక్కువ. అందుచే ఆమ్లము త్వరగా చొరబడును. కనుక ఈ పరీక్ష రెండు పేస్టులను పోల్చుటకు ఉపకరించునేగాని, మనిషి నోట ఫలితమునకు పూచీపడజాలదు. సంతలో పండ్లపొడి అమ్మువాడు "ప్రయోగశాలలో రుజువైనది" అన్నచో, మనుష్యులయందు పరీక్షించిరా యని అడుగుట యుక్తము.

ఫ్లోరైడు మితముగా నున్న పంటికి రక్ష, మితిమీరినచో హాని. నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లో షార్ట్ మున్నగు వైద్యులు ప్రకటించిరి. పశువులకును ఈ వ్యాధి వచ్చును. చిగురులోపల పన్ను ఏర్పడు బాల్యమునందే మచ్చకు బీజము పడును. తరువాత ఏ పేస్టును దానిని మాన్పజాలదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. త్రాగునీట లీటరునకు 1 మిల్లీగ్రాము లోపుండుట మేలు. వేరు ఆధారము లేనప్పుడును 1.5 మిల్లీగ్రాములకు మించరాదు.

కావున గ్రామమున పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లచారలో, గోధుమరంగు మచ్చలో పలువురియందు కనిపించినచో, పంచాయతీ సభ్యులు మొదట బోరునీటిని పరీక్షకు పంపవలెను. పండ్లపొడి మాట పిమ్మట చూచుకొనవచ్చును.