ప్రతిష్టంభనను పసిగట్టడం

నిజాంసాగర్ నీటితో వరి పండించే నస్రుల్లాబాద్‌లో కరిగెట వేళ ఒక రైతు ట్రాక్టరును, మరొక రైతు కేజ్‌వీల్స్‌ను అద్దెకు తెచ్చుకున్నారనుకొందాం. తమ చేతిలోనిది విడువక, ఎదుటివారిది అందేవరకు ఇరువురూ వేచి ఉంటే ఇద్దరి నాట్లూ నిలిచిపోతాయి. ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే థ్రెడ్లు లాకులనే తాళాలను పట్టుకొని ఇట్లే స్తంభించిపోవడం ప్రతిష్టంభన.

తర్కశాస్త్రంలో ఇటువంటి చిక్కులకు పేర్లున్నాయి. తన తాళానికై తానే వేచి ఉంటే ఆత్మాశ్రయం; ఇద్దరైతే అన్యోన్యాశ్రయం; ముగ్గురు, అంతకు మించినవారు చుట్టూ చిక్కుకుంటే చక్రకం. తార్కికులు చర్చించినది వాదదోషాలనే అయినా పేర్లు మాత్రం చక్కగా అమరాయి.

వేయిసార్లు సవ్యంగా నడిచిన ప్రోగ్రాము ఆ తరువాత నిలిచిపోవచ్చు. కనుక అది స్తంభించే వరకు ఆగక, ఏ తాళం చేతనుండగా ఏ తాళాన్ని కోరిందో నమోదు చేస్తారు. ఒకచోట 'క' పిదప 'చ', వేరొక థ్రెడ్డులో 'చ' పిదప 'క' కనబడితే బాణపు గీతలు వలయమవుతాయి. అదే హెచ్చరిక. ఇంగో మోల్నార్ రూపొందించిన లాక్‌డెప్ 2006లో లినక్స్ కెర్నెల్‌లో చేరి ఈ పనే చేస్తున్నది. అయితే వలయాలన్నీ ప్రమాదకరాలు కావు. రెండు చోట్లా ముందుగా 'ట' అనే మూడవ తాళాన్ని పట్టవలసి ఉంటే ఆ రెండు థ్రెడ్లూ ఒకేసారి లోనికి పోలేవు.