డేటాబేస్‌కు జోడు డిస్కులు

పొలం అడంగల్ మొదలు మన పరీక్ష మార్కుల దాకా ఈనాడు అన్నీ ఏదో ఒక సర్వరులో డేటాబేస్ రూపంలోనే ఉంటున్నాయి. ఆ సర్వరులోని డిస్కు కూడా ఒక యంత్రమే. మా పొలంలో బోరు మోటారు ఎప్పుడో ఒకప్పుడు కాలినట్లే, అదీ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. మోటారు కాలితే కొత్తది దింపుకుంటాం, నీళ్ళెక్కడికీ పోవు. డిస్కు పోతే అందులోని రాత కూడా దానితోనే పోతుంది. అందువల్ల ఒకే సమాచారాన్ని ఒకేసారి రెండు డిస్కుల మీద రాస్తారు. దీన్నే మిర్రరింగ్ అంటారు.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో ప్రచురించిన వ్యాసంతో ‘రెయిడ్’ అనే పేరు స్థిరపడింది. చవక డిస్కులు కొన్ని కలిపి ఖరీదైన పెద్ద డిస్కు పని చేయించాలన్నది వారి ఆలోచన. అందులో మిర్రరింగ్ 1వ పద్ధతి. 5వ పద్ధతిలో నకలు ఉండదు. పారిటీ అనే లెక్కను డిస్కులన్నిటా పంచి పెడతారు. ఒక డిస్కు పోతే మిగిలిన వాటి నుండి లెక్క కట్టి దాన్ని తిరిగి రాబడతారు.

ఇక బేరం చూడండి. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉన్నాయనుకుందాం. 5వ పద్ధతిలో 12 టెరాబైట్లు వాడుకోవచ్చు. జోడు పద్ధతిలో దక్కేది 8 మాత్రమే. ఎవరైనా మొదటిదే లాభమంటారు. కాని డేటాబేస్ పని వేరు. అది రాసేవి చిన్న చిన్న ముక్కలు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక పేజీ మామూలుగా 8 కిలోబైట్లే. 5వ పద్ధతిలో అంత చిన్న ముక్క మార్చాలన్నా పాత సమాచారం చదవాలి, పాత పారిటీ చదవాలి, తర్వాత రెండూ కొత్తవి రాయాలి. మొత్తం నాలుగు పనులు. జోడులో రెండు రాతలతో సరి. ఒక్కో డిస్కు సెకనుకు 100 పనులు చేస్తుందనుకుంటే, నాలుగూ కలిసి 400. 5వ పద్ధతిలో 100 మార్పులు, జోడులో 200. సినిమాలు దాచుకోడానికైతే 5వ పద్ధతి బాగానే ఉంటుంది. లావాదేవీలకు పనికిరాదని నా అభిప్రాయం.

నాలుగు డిస్కులను జోడు కట్టడంలోనూ మెలిక ఉంది. క–చ ఒక జత, ట–త ఒక జత; సమాచారాన్ని రెండు జతల మీదా పరుస్తాం. ఇది రెయిడ్ 10. ‘క’ పోయాక ‘చ’ కూడా పోతేనే ప్రమాదం. అంటే మిగిలిన మూడింటిలో ఒక్కటే ప్రాణాంతకం. అలాకాక క–చ మీద ముందు పరచి, దాని నకలు ట–త మీద పెడితే, ‘క’ పోగానే ఆ సగమంతా పక్కకు తప్పుకుంటుంది. ఆపైన ‘ట’ పోయినా ‘త’ పోయినా అంతే సంగతులు. డిస్కులవే, ఖర్చూ అదే, అపాయం మాత్రం రెండింతలు!

కొత్త డిస్కు పెట్టగానే గండం గడవదు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున 4 టెరాబైట్లు నింపడానికి ఏడు గంటలు దాటుతుంది. ఆ వేళంతా మిగిలిన జోడీ మీదే భారం. అన్నీ ఒకేనాడు కొన్నవైతే దాని వయసూ పోయినదాని వయసే. ఎస్‌ఎస్‌డీలైతే మరీను, రెండింటి మీదా పడే రాత ఒకటే కనుక అరుగుదలా ఒకటే.

జోడు ఉంది గదా అని బ్యాకప్ మానరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరునే చెరిపేశాడు. అక్కడి బ్యాకప్ ఏర్పాట్లు చాలావరకు పనిచేయడం లేదని అప్పుడు గాని తేలలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల క్రితం తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఇటువంటి చోట అద్దం ఏం చేయగలదు? చెరిపివేతను కూడా అంతే నమ్మకంగా రెండో డిస్కు మీద చేస్తుంది.

కాలేజీ స్థాయి డేటాబేస్‌కు రెండు డిస్కుల రెయిడ్ 1 చాలు. రాత పెరిగితే నాలుగింటితో రెయిడ్ 10. కరెంటు కోతలున్న చోట, రాయకుండానే ‘రాశాను’ అనే డిస్కు క్యాష్‌ను బ్యాటరీ ఆధారం లేకుండా నమ్మరాదు. ఇంకొకటి: జోడులో ఒకటి పోయినా సర్వరు మామూలుగానే నడుస్తుంది, చూసేవాడు లేకపోతే నెలల తరబడి ఎవరికీ తెలియదు. లినక్స్‌లో ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే బాగున్న జతకు రెండు ‘యు’ అక్షరాలు కనిపిస్తాయి. ఒకదాని స్థానంలో అడ్డగీత ఉంటే ఆ రోజే కొత్త డిస్కు తేవాలి.