మందు ఒక్కటే, మనుషులు వేరు

ఒకే ఇంటిలోని అన్నదమ్ములిద్దరు ఒకే మాత్ర మింగగా, ఒకనికి ఉపశమనము, మరొకనికి ఒళ్ళంతా దద్దుర్లు కలుగుట మనమెరిగినదే. "ఆ మందు నా ఒంటికి పడదు" అను మాట శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో తరచుగా వినబడును. ఆ మాటలో శాస్త్రమెంత, అపోహ యెంత అని విచారించుటయే మా ఉద్దేశ్యము. యునానీ హకీములు మిజాజు చూడనిదే, ఆయుర్వేద వైద్యులు ప్రకృతి విచారింపనిదే మందు నిర్ణయింపరు. ఆధునిక వైద్యము ఈ భేదములకు కారణములను జన్యువులలోను, కాలేయములోని ఎంజైములలోను వెదకినది. ఈ శాఖకు 1959లో ఫ్రీడ్రిష్ ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 'ఫార్మకోజెనెటిక్స్' అని పేరు పెట్టెను.

అయితే అన్ని భేదములును జన్యువుల వలననే కలుగవు. ఇందుకు మన ప్రాంతపు బోదకాలు మాత్రలే సాక్ష్యము. భీమవరమున 1895లో జన్మించి అమెరికాలో పరిశోధన సాగించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1947లో వెలువరించిన మందు డై ఇథైల్ కార్బమజీన్, దీనినే డి.ఇ.సి. అందురు. ఫైలేరియా వ్యాపించిన జిల్లాలలో 2004 నుండి ఈ మాత్రలను ఏడాదికొకమారు ఇంటింటికి పంచిరి. రెండేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రరోగులకు తప్ప అందరికిని; పదిహేనేండ్లు నిండిన వారికి 300 మిల్లీగ్రాములు.

మాత్ర మింగిన నాటి రాత్రి కొందరికి జ్వరము, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు వచ్చును. ఎక్కువమందికి ఏమియు కాదు. జ్వరము వచ్చిన వానిని చూచి వీధివారందరు మాత్రలను చూరులో దోపి మరచుట కద్దు. కాని ఆ జ్వరము మందు విషమై వచ్చినది కాదు. రక్తములో తిరుగు సూక్ష్మమైన ఫైలేరియా పిల్లపురుగులు ఒక్కసారిగా చచ్చి, వాటి శరీరములోని పదార్థములు, వాటిలో నివసించు వోల్‌బాకియా అను సూక్ష్మజీవులు రక్తములో కలియగా, మన దేహము వాటిపై తిరుగబడుటయే ఆ జ్వరము. పురుగులు ఎంత ఎక్కువయిన జ్వరమంత ఎక్కువ. పురుగులు లేనివానికి జ్వరమే లేదు. అనగా ఎవరికి మాత్ర 'పడలేదో' వారికే తరచుగా ఆ మాత్ర అవసరము ఎక్కువ! కాలు వాయని వాడు కూడ రక్తములో పురుగులను మోయుచుండవచ్చును. దోమ వాని నుండియే వాటిని పొరుగింటికి చేర్చును. మరుసటి ఏడాది అదే మనిషి అదే మాత్ర మింగినచో పురుగులు తగ్గియుండుట వలన బాధయును తగ్గును.

ఏజన్సీ గ్రామములలో కథ వేరు. సీతంపేట, పార్వతీపురం కొండలలో (2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా) మలేరియా పాత శత్రువు. వైవాక్స్ మలేరియా తిరుగబెట్టకుండ ప్రిమాక్విన్ మాత్రలను పదునాలుగు దినములు ఇత్తురు. జి-6-పి.డి. అను ఎంజైము పుట్టుకతోనే కొరవడిన వారికి ఈ మందు వలన ఎర్ర రక్తకణములు పగిలి, మూత్రము నల్లబడి, కామెర్లు కలుగును. ఈ లోపము ఎక్స్ క్రోమోసోము ద్వారా సంక్రమించునది గనుక పురుషులలో ఎక్కువగా బయటపడును. ఇచ్చట "పడదు" అను మాట అక్షరాలా సత్యము. మాత్రలు వాడుచుండగా మూత్రము రంగు మారినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

తెలుగు దేశమునకు చెందిన మరొక ఉదాహరణము ఆర్యవైశ్యులది. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు స్కోలిన్ అను ఇంజెక్షను ఇత్తురు. రక్తములోని ఒక ఎంజైము దానిని కొద్ది నిమిషములలో విరిచివేయును. ఆ ఎంజైము పనిచేయని వారికి గంటల తరబడి ఊపిరి స్వయముగా ఆడదు. అంతవరకు యంత్రముతో శ్వాస ఇచ్చినచో ఏ హానియు లేదు. ఇందుకు కారణమైన ఒక జన్యు మార్పు వైశ్యులలో ఇతరులకంటె చాల ఎక్కువని 2006లో ప్రకటితమైనది. తరతరములుగా వివాహములు ఆ సమాజములోనే జరుగుట దీనికి మూలము. ఇది ఎవరి తప్పును కాదు, ఎవరికిని తక్కువ కాదు. బంధువులలో ఎవరైన ఆపరేషను తరువాత ఆలస్యముగా లేచియుండినచో, ఆ సంగతి మత్తు వైద్యునికి ముందే చెప్పిన చాలును.

ఇక మనోవ్యాకులతకు వాడు మందులు. వీటి పుట్టుక క్షయతో ముడిపడినది. 1952లో అమెరికాలో ఐప్రోనియాజిడ్ వాడిన క్షయరోగులు అనూహ్యమైన ఉత్సాహము పొందుట చూచి దానిని మానసిక వైద్యమునకు మళ్ళించిరి. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ ఫలితములను ప్రకటించెను. ఇదే జాతికి చెందిన నార్‌ట్రిప్టిలిన్‌ను స్వీడనులో కవలలకు ఇచ్చి చూడగా, సమరూప కవలల రక్తములో మందు పరిమాణము ఇంచుమించు సమానముగా ఉండెనని 1969లో తేలినది. కాలేయములోని ఎంజైములు కొందరిలో మందగతిని, కొందరిలో అతివేగముగను పనిచేయును. నిదానపు కాలేయము గలవానికి సాధారణ మోతాదే అధికమగును. వేగవంతునికి అదే చాలదు.

మా అభిప్రాయములో, మన యువతకు ఈ మందుల విషయములో కలుగు పెద్ద నష్టము తొందరపాటు వలననే. వికారము, నిద్రలేమి వంటివి మొదటి దినములలోనే కనబడును. మేలు కనబడుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును. చెడు ముందు, మంచి తరువాత వచ్చుటచే చాలమంది నడుమనే విడిచెదరు. హఠాత్తుగా మానుట వలన తలతిరుగుడు, కలత కలుగును. ఇరువదియైదేండ్లలోపు వారిలో కొందరికి ఆరంభమున ఆత్మహత్యా భావములు పెరుగవచ్చును గనుక ఇంటివారు కనిపెట్టి యుండవలెను, వైద్యునికి వెంటనే చెప్పవలెను. స్నేహితునికి నయమైనదని వాని మాత్రను తాను మింగుట మరింత ప్రమాదము: ఉన్మాద లక్షణములు అణగియున్న వానికి అదే మాత్ర వాటిని రేపవచ్చును.

పొగాకు సంగతి కూడ చెప్పవలసియున్నది. మన తీరప్రాంతమున ముసలమ్మలు చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగుట ప్రసిద్ధము. కాలిన పొగాకు పొగ కాలేయములోని ఒక ఎంజైమును చురుకుపరచును. డులోక్సెటిన్, ఒలాంజపిన్ వంటి మందులు పొగత్రాగు వారి రక్తములో తక్కువగా నిలుచును. అట్టివారు ఆసుపత్రిలో చేరి పొగ మానినచో, మోతాదు మారకున్నను రక్తములో మందు పెరుగును. అందుచే వైద్యుడు చుట్ట సంగతి అడిగినపుడు అవ్వ సిగ్గుపడక చెప్పవలెను. అడుగకున్నచో మనుమడైనను చెప్పవలెను.